పోయిన బాల్స్ లెక్క రాయండి, ఏ బాల్ కొనాలో అదే చెబుతుంది

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఒక ఊరు. వయసు 46. పన్నెండు ఎకరాల్లో వనామీ రొయ్య వేస్తాను, సగం సొంతం, సగం లీజు. రెండేళ్ల కిందట వైజాగ్‌లో ఉన్న మా బావగారు గోల్ఫ్ అలవాటు చేశారు. నెలకు రెండుసార్లు వెళ్లి, ఆయనింట్లో పడుకుని, తెల్లారి ఒక రౌండ్ ఆడి వచ్చేస్తాను. ట్రిప్పుకి డీజిల్, టోల్, తిండి కలిపి 7 వేలు అవుతోంది, గ్రీన్ ఫీజు (మైదానంలో ఆడటానికి కట్టేది) వేరే. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత మంచిది) 30 నుంచి 22కి వచ్చింది. బావగారు వాడే ప్రో వీ1 బాల్సే నేనూ వాడుతున్నాను, డజను 5,400. రౌండ్‌కి ఐదు దాకా పోతున్నాయి. షాపులో డజను 1,680వీ, 3,000వీ కూడా ఉన్నాయి. కానీ ఆట మెరుగవుతున్న టైములో చౌక బాల్‌కి దిగితే వెనక్కి పోతానేమోనని టెన్షన్. మా ఆవిడేమో డబ్బు నీళ్లలో పోస్తున్నారంటోంది. మేత షాపులో 3 లక్షల బాకీ ఉంది, రెండు రూపాయల వడ్డీ. ఇంట్లో ఇంకా రెండు డజన్ల బాల్స్ ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చెల్లెమ్మ గారి మాట తీసుకుందాం, ఎందుకంటే ఆవిడ అన్నది నిజమే. డజను 5,400 అంటే బాల్ ఒక్కటి 450. రౌండ్‌కి ఐదు పోతే 2,250. నెలకు రెండు రౌండ్లు, ఏడాదికి 24, అంటే 54 వేల రూపాయలు నీళ్లలోనూ తుప్పల్లోనూ పోతున్నాయి. అదే ఐదు పోగొట్టుకున్నా 1,680 డజనులో బాల్ 140 కాబట్టి ఏడాదికి 16,800తో సరిపోతుంది. తేడా 37,200.

అలాగని గోల్ఫ్ మానేయమని నేను అనను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెరువు నీటిలో డీఓ (కరిగిన ఆక్సిజన్) చూసుకుని, కరెంటు పోతే జనరేటర్ దగ్గరకు పరుగెత్తి, వైట్ స్పాట్ రోగం ఎప్పుడు తగులుకుంటుందోనని పంటంతా బిక్కుబిక్కుమంటూ గడిపే మనిషికి నెలకు రెండు పూటలు పచ్చగడ్డి మీద నడిచే అవకాశం దొరికితే అది దుబారా కాదు. నేనూ తొమ్మిదేళ్లుగా ఆడుతున్నాను, ఆ ఆట మనసుకి ఏం ఇస్తుందో నాకు తెలుసు. మానాల్సింది ఆట కాదు, ఇంకొకరి ఆటకి సరిపోయే బాల్‌ని మీరు కొనడం.

చౌక బాల్‌తో వెనక్కి పోతానన్న మీ భయం ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. ఖరీదైన బాల్ ఎక్కువ దూరం పోతుందని చాలామంది అనుకుంటారు. గోల్ఫ్ రూల్స్ ప్రకారం ఏ బాలైనా 45.93 గ్రాముల కంటే బరువు ఉండకూడదు, 42.67 మిల్లీమీటర్ల కంటే చిన్నది కాకూడదు, దెబ్బ తగిలిన క్షణంలో ఎంత వేగంతో లేవాలి, మొత్తం ఎంత దూరం పోవాలి అన్నదానికి కూడా హద్దు ఉంది. మీ 140 రూపాయల బాల్, బావగారి 450 రూపాయల బాల్ రెండూ ఆ హద్దుల్లోనే తయారవుతాయి. డ్రైవర్‌తో, అంటే దూరానికి కొట్టే పెద్ద క్లబ్బుతో కొట్టినప్పుడు రెండింటి మధ్య మీకు కనబడే తేడా కొద్ది గజాలే, అది కూడా క్లబ్బు మధ్యలో తగిలితేనే.

మరి ఆ అదనపు 310 రూపాయలు దేనికి? పై తొడుగుకి. చౌక బాల్ సాధారణంగా రెండు పొరలది: లోపల రబ్బరు గుండు, పైన సర్లిన్ లాంటి గట్టి ప్లాస్టిక్. ఖరీదైనదానికి మూడు నాలుగు పొరలు, పైన యూరెథేన్ అనే మెత్తటి తొడుగు. వెడ్జ్ అనే పొట్టి క్లబ్బుతో గ్రీన్ మీదకి (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదకి) కొట్టినప్పుడు క్లబ్బు ముఖం మీది గాడులు ఆ మెత్తటి తొడుగుని పట్టుకుంటాయి, బాల్ వెనక్కి గట్టిగా తిరుగుతుంది, పడిన చోట త్వరగా ఆగుతుంది. సర్లిన్ బాల్ అదే దెబ్బకి పడ్డాక ఇంకొన్ని అడుగులు దొర్లుతుంది. మీరు డబ్బు పెట్టేది దూరానికి కాదు, ఆగడానికి. బాక్సు మీద 'సాఫ్ట్' అని కనబడగానే గ్రీన్ మీద ఆగుతుందనుకోకండి, ఆ మాట లోపలి గుండు ఎంత మెత్తన అన్నదాని గురించి, తొడుగు గురించి కాదు. కాలవే సూపర్‌సాఫ్ట్, శ్రిక్సన్ సాఫ్ట్ ఫీల్ రెండూ మెత్తగానే తగులుతాయి, కానీ వాటి తొడుగు సర్లిన్ జాతిదే.

ఈ ఆగే గుణం విలువైనదే, కానీ అది పనికొచ్చేది బాల్ గ్రీన్ దాకా చేరినప్పుడు. ఐదు బాల్స్ దారిలోనే పోతుంటే వాటికి ఆగే అవకాశమే రాలేదు. ఇంకో మాట, ఇది నేను చాలామందిలో చూశాను: నీటి మీదుగా 450 రూపాయల బాల్ కొట్టాలంటే చేతులు బిగుసుకుంటాయి, బిగుసుకున్న చేతులతో కొట్టిన బాల్ సరాసరి నీళ్లలోకే పోతుంది. పైగా సర్లిన్ బాల్ డ్రైవర్‌తో కొట్టినప్పుడు తక్కువ తిరుగుతుంది కాబట్టి కుడివైపు వంపు (స్లైస్) కూడా కొంచెం తగ్గుతుంది. స్లైస్ ఉన్నవాళ్లకి చౌక బాలే కొంత మేలు చేస్తుందన్నమాట.

మీకు మీ చెరువు భాషలోనే చెబుతాను. రొయ్య చిన్నగా ఉన్నప్పుడు పెద్ద నంబర్ మేత వేయరు కదా. చెక్ ట్రే ఎత్తి చూస్తారు, మేత మిగిలిందా, తిన్నదా, ఎంత తిన్నది, దాన్ని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు. పక్క చెరువు రైతు నాలుగో నంబర్ వేస్తున్నాడని మీరూ వేస్తే అడుగున కుళ్లి నీరు చెడిపోతుంది. గోల్ఫ్‌లో మీ చెక్ ట్రే రౌండ్‌కి ఎన్ని బాల్స్ పోయాయన్న అంకె. హ్యాండిక్యాప్ కాదు, ఎందుకంటే 22 ఉన్నవాళ్లలోనే రౌండంతా ఒక్క బాల్‌తో ముగించేవాళ్లు ఉంటారు, ఆరు పోగొట్టేవాళ్లూ ఉంటారు. ఒక చిన్న నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకోండి. ప్రతి రౌండ్ అయ్యాక తేదీ, స్కోరు, ఎన్ని పోయాయి, ఏ క్లబ్బుతో పోయాయి, ఈ నాలుగు మాత్రం రాయండి. చివరిది మర్చిపోవద్దు. ఐదింటిలో నాలుగు డ్రైవర్‌తోనే పోతున్నాయని తేలితే మీకు కావాల్సింది కొత్త బాల్ కాదు, కోచ్ దగ్గర రెండు గంటలు.

ఇక ఎప్పుడు ఏది కొనాలి. ఈ లెక్కంతా మీరు రాసిన రేట్లతోనే వేస్తున్నాను, మీ షాపులో రేటు మారితే అంకెలు మార్చుకోండి. ఇప్పుడు 1,680 డజను తీసుకోండి, పూర్తిగా దాంతోనే ఆడండి. నీళ్లున్న హోల్ దగ్గర పాత బాల్, మిగతా చోట్ల కొత్త బాల్ అని మారుస్తుంటే చేతికి ఏ బాల్ తీరూ పట్టుబడదు. వరుసగా ఐదు రౌండ్లలో రెండు కంటే ఎక్కువ పోకపోతే 3,000 డజనుకి వెళ్లండి, అది యూరెథేన్ తొడుగుదేనా అని మాత్రం అడిగి కొనండి, శ్రిక్సన్ క్యూ-స్టార్ టూర్ ఆ రకమే. రెండేసి పోయినా ఏడాదికి 12 వేలు. అప్పటికి మీరు గ్రీన్ చుట్టూ ఎక్కువ షాట్లు ఆడుతుంటారు కాబట్టి ఆ డబ్బుకి ఫలితం కనబడుతుంది. రౌండ్‌కి ఒక్కటే పోయే స్థితికి వచ్చాక బావగారి బాలే వాడినా ఏడాదికి 10,800, ఇప్పుడు మీరు పెడుతున్న దానిలో ఐదో వంతు. ఆ రోజు నేనే కొనుక్కోమంటాను.

మారే ముందు ఒకసారి పరీక్ష పెట్టుకోండి, డ్రైవర్‌తో కాదు, గ్రీన్ దగ్గర నుంచి వెనక్కి. ఒక్కో రకం మూడేసి తీసుకుని ముందు పట్ చేయండి (గ్రీన్ మీద హోల్ వైపు దొర్లించండి), తర్వాత ముప్పై గజాల నుంచి పదేసి చిప్‌లు (గ్రీన్ మీదకి చిన్న దెబ్బలు) కొట్టి ఎక్కడ ఆగాయో చూడండి. డ్రైవర్ ఆఖర్న. ఆటలో సగానికి పైగా దెబ్బలు గ్రీన్ చుట్టుపక్కలే కాబట్టి అక్కడ నచ్చిన బాల్ మీదే నిలబడాలి.

చెరువుల్లోంచి తీసి అమ్మే వాడిన బాల్స్ గురించి మీరు అడగలేదు కానీ రేపో మాపో కనబడతాయి. శుభ్రం చేసి మాత్రమే అమ్మేవి నేర్చుకునేవాళ్లకి పరవాలేదు. కొత్తగా రంగు వేసి అమ్మేవి కొనవద్దు. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, రెండో హోల్‌కే పెచ్చులూడింది, లోపల పగులు బయటపడింది. నీళ్లలో చాలాకాలం నానిన బాల్ దూరం కూడా తగ్గుతుంది, పైన రంగు ఉంటే అది ఎంత నానిందో మనకి తెలియదు.

చౌక బాల్ వాడటం చిన్నతనంగా అనిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒకప్పుడు గోల్ఫ్ బాల్ అంటే తోలు సంచిలో ఉడికించిన ఈకలు కుక్కి కుట్టినది. పనివాడు రోజంతా కూర్చుంటే నాలుగైతే గొప్ప, అందుకే అది డబ్బున్నవాళ్ల ఆట. 1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే చెట్టు పాలతో చేసిన చౌక బాల్ వచ్చాకే మామూలు జనం గోల్ఫ్ కర్ర పట్టుకున్నారు. మీరు వాడుతున్న ప్రో వీ1 ప్రొఫెషనల్ టోర్నీల్లోకి వచ్చింది 2000లో, దానికి ముందు గెలిచినవాళ్లంతా అది లేకుండానే గెలిచారు.

ఇప్పుడు అసలు డబ్బు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం బాల్స్ గురించి కాదు, మేత షాపు బాకీ గురించి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల మీద నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీ కడుతున్నారు, అసలు అలాగే ఉంది. ఈ బాకీ ఉన్నంతకాలం మీరు ఏ సిప్‌లో పెట్టినా, ఏ చిట్టీ వేసినా, 24 శాతం తెచ్చిపెడుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి బాల్స్‌లో మిగిలిన ప్రతి రూపాయీ ముందు ఇక్కడికే.

బాల్స్ కంటే పెద్ద చిల్లు మీ ప్రయాణం. భీమవరం నుంచి వైజాగ్‌కి సుమారు 260 కిలోమీటర్లు, రానూపోనూ 520, అదీ నెలకు రెండుసార్లు, ఒక్కో రౌండ్ కోసం. నెలకు ఒకేసారి వెళ్లి శని, ఆదివారాలు రెండు రౌండ్లూ ఆడి రండి. రెండో రోజు తిండికి వెయ్యి వేసుకున్నా నెలకు 6 వేలు మిగులుతాయి. ఏడాదికి 72 వేలు, అంటే మీ మేత బాకీ వడ్డీ మొత్తం! దీనికి బాల్స్‌లో మిగిలే 37,200 కలిపితే నెలకు 9,100. ఇప్పుడు కడుతున్న 6 వేల వడ్డీకి తోడు ఈ 9,100 కూడా నెలనెలా షాపులో కట్టేస్తే 26 నెలల్లో బాకీ మొత్తం తీరిపోతుంది. కట్టిన ప్రతిసారీ అసలులో తగ్గించినట్టు రాయించుకోండి, నోటి మాట మీద వదలొద్దు.

ఇంకా త్వరగా తీరే దారి కూడా ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం 2018-19 నుంచి చేపలు, రొయ్యల రైతులకు కూడా ఇస్తున్నారు. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే మరో 3 శాతం రాయితీ. మీ బ్యాంకులో సొంత చెరువుల కాగితాలు, ఆక్వా లైసెన్సు పట్టుకెళ్లి అడగండి. అది పాత బాకీ తీర్చడానికి కాదు, వచ్చే పంట పెట్టుబడికి. దాంతో మేత నగదుకి కొని బస్తా మీద తగ్గింపు అడగండి, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మిన) డబ్బు రాగానే షాపు బాకీకి కట్టండి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మనవైపు రైతులు రేటు కోసం ఎంత ఇబ్బంది పడ్డారో మీరు చూశారు. అలాంటి నెలలో షాపులో బాకీ ఉన్నవాడికి బేరం ఆడే గొంతు ఉండదు. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నెలకు ఒక్కసారే వెళితే చేయి మొద్దుబారుతుందనుకోవద్దు. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతారు కదా, ఆ నేల ఆరి గట్టిపడ్డాక సాయంత్రం ఒక పాత చాప పరుచుకుని, ఇరవై ముప్పై గజాల దూరంలో తట్ట పెట్టి చిప్‌లు కొట్టండి, ఖర్చు పైసా లేదు. పెద్ద దెబ్బలు మాత్రం అక్కడ వద్దు, గట్ల మీద పనివాళ్లు తిరుగుతుంటారు. ఈ లెక్కంతా చెల్లెమ్మ గారి ముందే కూర్చుని వేయండి, బాల్స్ నోట్‌బుక్ కూడా ఆవిడకి చూపించండి. అంకె ఐదు నుంచి మూడుకి దిగినప్పుడు ఆవిడే మీకంటే ముందు గమనిస్తారు.

ఇంట్లో ఉన్న రెండు డజన్లలో ఆరు బాల్స్ తీసి పెన్నుతో గుర్తు పెట్టుకుని చెరువులో చిప్‌లకి వాడండి, ఇంటి దగ్గర పోవు, మెత్తటి తొడుగు ఎలా తగులుతుందో కూడా చేతికి అలవాటవుతుంది. మిగతా పద్దెనిమిదీ బాక్సుల్లోనే ఉంచి బీరువాలో పెట్టండి, వాటి రోజు వచ్చేదాకా చెడిపోవు. ఎండాకాలం కారు డిక్కీలో మాత్రం పెట్టకండి.