రాని గొర్రెల కోసం దావా వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి పెద్దమావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఉదయగిరి పక్కన పొలం, షెడ్డు, 60 జోడిపి రకం గొర్రెలు, 2 పొట్టేళ్ళు, అన్నీ కలిపి బేరం చేసుకుని డబ్బు మొత్తం కట్టేశావు. పొలం రిజిస్ట్రేషన్ అయింది. గొర్రెలు మాత్రం 22 దగ్గరే ఆగాయి, పొట్టేళ్ళు అసలే రాలేదు. అడిగితే అమ్మినాయన ఒకరోజు మేతకు కొండకి తోలామంటాడు, ఇంకోరోజు రోగమొచ్చి పోయాయంటాడు. నీ కోపం న్యాయమైందే. కానీ కావలి కోర్టులో ప్లీడరు గుమాస్తాగా బతుకంతా గడిపాను కాబట్టి చెబుతున్నా, ఈ కాగితం చదివాకే లాయరు గడప తొక్కు.

ఎన్ని గొర్రెలు రావాలన్నది నువ్వు గడగడా చెబుతున్నావు. ఏ గొర్రెలు రావాలో చెప్పగలవా? నీ దావా అంతా దీని మీదే నిలబడుతుంది. జీవాలు కూడా చట్టం లెక్కలో సరుకే, వాటికి 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం వర్తిస్తుంది. అగ్రిమెంటులో "ఈ రోజు ఫలానా దొడ్డిలో ఉన్న, ఫలానా గుర్తున్న 60 గొర్రెలు" అని రాసుంటే, ఆనాడే అవి నీవైపోయాయని వాదించొచ్చు. అవే జీవాలు ఇప్పించమని అడగొచ్చు. ఈలోగా వేరేవాళ్ళకి అమ్మకుండా ఇంజంక్షన్ కోరొచ్చు, కోర్టు తరఫున చూసి రిపోర్టు రాసే కమిషనర్‌ని దొడ్డికి పంపమని పిటిషన్ పెట్టుకోవచ్చు. అలా కాక "మంచి గొర్రెలు 60" అని మాత్రమే ఉంటే, ఆయన ఇవీ నీవి అని విడదీసి చూపించిందాకా అందులో ఏదీ నీది కాదు. అప్పుడు నీకు మిగిలేది డబ్బు దావాయే. ముందు అగ్రిమెంటు తీసి ఆ ఒక్క వాక్యం చదువు.

ఆత్మకూరు వైపు ఇలాంటి దావాలో కమిషనర్ దొడ్డికి వెళ్తే ఫైళ్ళు పట్టుకుని నేనూ పోయాను. ఒళ్ళంతా తెలుపు, కళ్ళచుట్టూ మూతి దగ్గరా నలుపు. జోడిపి అంటే అన్నీ అంతేగా, దేన్ని చూసినా ఒకలాగే ఉంది. వాది తాను రంగు పూశానన్నాడు. ఆ రంగు ఎప్పుడో వానకి కొట్టుకుపోయింది. చివరికి పాత కాపరి ముందుకొచ్చి ఒక గొర్రె కుడి చెవి ఎత్తి, కొసన ఉన్న గాటు చూపించి "ఇది నా చేతి కోతే సార్" అన్నాడు. కమిషనర్ మందని దొడ్డి వాకిట్లోంచి ఒక్కొక్కటిగా దాటిస్తూ, గాటున్న వాటినే లెక్క రాసుకున్నాడు. ఆ రిపోర్టుతోనే దావా నిలబడింది. నీ దొడ్డికొచ్చిన 22 గొర్రెల చెవులు ఇవాళే చూడు. ఒకే రకం కోత కనిపిస్తే దగ్గరగా ఫొటోలు తియ్యి. ఆ మందని మేపిన కాపరి ఎవరో కనుక్కో. మేత కోసం వలసపోయాడంటే మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో చెప్పలేం. బేరం రోజున తీసిన వీడియో ఉందన్నావు కదా, అది తీసిన ఫోన్ మార్చకు, అమ్మకు. కోర్టులో అది ఏ ఫోన్లోదో చెప్పే సర్టిఫికెట్ జతచెయ్యాలి, వాట్సాప్‌లో చేతులు మారిన కాపీ కంటే అసలు ఫోన్లో ఉన్నదానికే బలం.

ఇక రోగం మాట. తొలకరిలో చిటుకు రోగం వస్తే మంద మందే పోయే మాట నిజమే. పోయాయంటే ఎప్పుడు పోయాయి, పశువుల డాక్టరుకి చూపించారా, ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిమ్ పెట్టారా అని నోటీసులోనే అడిగించు. గడువు దాటించింది ఆయనైతే, ఆ ఆలస్యం వల్ల జరిగిన నష్టం ఆయన నెత్తినే పడుతుంది, చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. గొర్రెలు నీవేనని తేలితే, ఆయన దగ్గరున్నప్పుడు ఈనిన పిల్లలు కూడా నీవే అవుతాయని వాదించొచ్చు. 1872 కాంట్రాక్టు చట్టం 163వ సెక్షన్లో ఉదాహరణ ఏమిటనుకున్నావు? ఆవుని ఒకరి దగ్గర సంరక్షణకి వదిలితే, అది ఈనితే, ఆవుతో పాటు దూడనీ తిరిగివ్వాలని. మీ లాయరుకి ఈ సెక్షన్ గుర్తుచెయ్యి.

22 గొర్రెలు తోలుకున్న రోజున కాగితం ఏమైనా రాశారా? "ముట్టాయి" అని మాత్రం సంతకం పెట్టి ఉంటే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఇకమీదట ఒక్క పిల్ల వచ్చినా, ఇంకా ఎన్ని బాకీ ఉన్నాయో రాసే రసీదు ఇవ్వు.

పొలం దస్తావేజులో గొర్రెల ఊసే లేదని భయపడకు. అవి చరాస్తి, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిక్కల్లా ధర దగ్గర వస్తుంది. అగ్రిమెంటులో పొలానికింత, జీవాలకింత అని విడిగా లేకపోతే, కట్టిందంతా పొలానికేనని వాళ్ళంటారు. బ్యాంకు ద్వారా పంపిన డబ్బుల వివరాలు, మధ్యవర్తితో జరిగిన మెసేజీలు బయటికి తియ్యి. దస్తావేజులో రేటు తగ్గించాం కాబట్టి ఆ తేడా గొర్రెల కింద చూపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం చెవిన పెట్టకు. లేని లెక్క కోర్టులో చెబితే ఉన్న న్యాయం కూడా పోతుంది.

డబ్బు దావా అయితే, గొర్రెలు ఇవ్వాల్సిన రోజున సంతలో ఉన్న ధర చూస్తారు. బక్రీదు ముందు పొట్టేళ్ళ రేటు ఎలా లేస్తుందో నీకు తెలుసు, కానీ గడువు ఆ వారంలో లేకపోతే ఆ రేటు అడిగి లాభం లేదు. అలాగని ఖాళీ దొడ్డి పెట్టుకుని నష్టం పెంచుకుంటూ కూర్చోకు. చేతిలో ఉన్నంతలో వేరేచోట కొను, బిల్లు రాయించుకో. పిల్లల మీద పోయిన ఆదాయం అడగొచ్చా అన్నావు. బేరంలో పొట్టేళ్ళని కూడా కలిపారంటే మంద పెంచడానికే కొంటున్నావని ఆయనకి తెలిసినట్టే కదా. ఆ వాదన వెయ్యి, కాకపోతే దాని మీద పెద్ద ఆశ పెట్టుకోకు.

పోలీసు స్టేషన్‌కి వెళ్తానన్నావు. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని చూపించలేకపోతే సివిల్ తగాదా అని పంపించేస్తారు. ఈ టెన్షన్‌లో ఆ తిరుగుడు నీకొద్దు.

లీగల్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపించు. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరులో అందులోనే కలిసిపోయింది. అందినట్టు వచ్చే రుజువు దాచు. ఒప్పందం తప్పిన రోజు నుంచి 3 ఏళ్ళలో దావా పడాలి. "వచ్చే నెల ఇస్తా" అని ఆయన నోటితో ఎన్నిసార్లు అన్నా ఆ గడువు పెరగదు, బాకీ ఉన్నట్టు ఒప్పుకుని సంతకం పెడితేనే పెరుగుతుంది.

ఆయన రాజీకొస్తే లోక్ అదాలత్‌కి వెళ్ళు, నా సలహా అదే. దావా వేశాక అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, అక్కడిచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అప్పీలు లేదు కాబట్టే రాజీ కాగితంలో ప్రతి మాటా చూసుకోవాలి. ఎన్ని గొర్రెలు, ఎన్ని ఈతలవి, చూడివా కావా, ఏ తేదీకి ఏ దొడ్డికి తోలాలి, తోలకపోతే ఎంత కట్టాలి, అన్నీ అందులో ఉండాలి.

శనివారం పొద్దున బస్సుకి నేనే వస్తున్నాను. అగ్రిమెంటు అసలు, దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టు. ఈలోగా ఆయన మనిషి ఎవరైనా కాగితం తెస్తే, ఎంత మంచిగా మాట్లాడినా సంతకం పెట్టకు. ఈ మాట మీ అమ్మకి కూడా చెప్పు. అగ్రిమెంటులో సాక్షిగా ఆమె పేరు కూడా ఉందన్నావు కదా.

ఇట్లు,
నీ పెద్దమావయ్య