ల్యాబ్‌లో చేరబోతున్న చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

నువ్వు స్టెప్ వన్ (అమెరికాలో డాక్టరు లైసెన్సుకి మొదటి పరీక్ష) పాసయ్యావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఒక నిమిషం సంతోషం, ఇరవై నిమిషాలు బెంగ. "నాలుగేళ్లు ల్యాబ్‌లో ఉంటే నేర్చుకున్న వైద్యం మర్చిపోదా అక్కా?" అని. నువ్వేమో రెండు ల్యాబ్‌ల మధ్య తేల్చుకోలేకపోతున్నానని పోయిన వారం మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెప్పుకుంటే సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వు చదివాక అమ్మకి కూడా పంపు.

అమ్మకి చెప్పాల్సింది కొంచెమే. ఈ ఎం.డి.-పీహెచ్‌డీ చదువు కొత్తగా పుట్టిన వింత కాదు. 1964లో ఎన్.ఐ.హెచ్. (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) డబ్బుతో మూడు మెడికల్ స్కూళ్లలో మొదలైంది. రెండేళ్లు మెడికల్ క్లాసులు, దాదాపు నాలుగేళ్లు ల్యాబ్, మళ్లీ రెండేళ్లు వార్డులు. మొత్తం ఎనిమిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఫీజు ప్రోగ్రామే కడుతుంది, నీకు స్టైపెండ్ ఇస్తుంది. మధ్యలో డాక్టరు చదువు ఆపేయడం కాదు, ఆ చదువులో ఇదీ ఒక భాగం. మర్చిపోవడం సంగతి చివర్లో చెబుతాను.

ఇక నీ సంగతి. రెండేళ్లుగా నిన్ను ఒక పనికి తయారు చేశారు. ప్రశ్న కనబడగానే జవాబు పట్టుకోవాలి, ఒక్కో దానికి నిమిషంన్నర. రేపు వార్డులోనూ అంతే. ఊపిరాడని మనిషి ముందు నిలబడి, తెలిసిన సగంతోనే నిర్ణయం తీసుకోవాలి. డాక్టరుకి ఆ వేగం ఉండాలి. కానీ ల్యాబ్‌లో అదే వేగం మనల్ని ముంచుతుంది. మొదటి ఫలితం రాగానే మన బుర్ర దానికి డయాగ్నసిస్ రాసేసి ఫైలు మూసేస్తుంది. నా పీహెచ్‌డీలో పద్నాలుగు నెలలు అలాగే పోయాయి.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడ అమెరికాలో రెసిడెన్సీ పూర్తి చేసి, ముప్పై రెండేళ్ల వయసులో పీహెచ్‌డీలో చేరాను. కిడ్నీలో ఉండే ఒక ప్రోటీన్ మీద పని. వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ని గుర్తుపట్టే టెస్ట్) చేస్తే ఆ ప్రోటీన్ ఎక్కడ కనబడాలో సరిగ్గా అక్కడే గీత వచ్చింది. జబ్బు చేసిన కిడ్నీలో చిక్కగా, మామూలు కిడ్నీలో పల్చగా. కథ కుదిరిందనుకున్నాను. దాని మీద ఇంకో ప్రయోగం, ఆ పైన ఇంకోటి. పోస్టర్ కూడా పెట్టాను. తర్వాత ఒక కమిటీ మీటింగ్‌లో ఒకాయన అడిగారు, ఆ ప్రోటీన్ అసలే లేని ఎలుకలో గీత మాయమైందా అని. అలాంటి ఎలుకల కిడ్నీ వేరే ల్యాబ్ నుంచి తెప్పించి చూశాను. గీత అక్కడా ఉంది. నా యాంటీబాడీ పట్టుకుంటున్నది వేరే ప్రోటీన్‌ని. ఆ టెస్ట్ చేయడానికి పట్టింది రెండు రోజులు. మొదటి నెలలోనే చేసి ఉండొచ్చు. బద్ధకం వల్ల మానలేదు. జవాబు దొరికేసిందన్న నమ్మకం వల్ల ఆ ఆలోచనే రాలేదు.

అందుకని నీకు ఒకటే గట్టిగా చెబుతున్నాను. మంచి ఫలితం వచ్చిన రోజున బాస్ దగ్గరికి పరుగెత్తకు. ముందు నోట్‌బుక్ తీసి "ఇది తప్పయితే ఏ ప్రయోగంలో బయటపడుతుంది?" అని రాసుకో. ఆ ప్రయోగం ముందు చెయ్. కొత్త యాంటీబాడీ వస్తే, అది పట్టుకోవాల్సిన ప్రోటీన్‌ తాలూకు జీన్ లేని కణాల మీద చూడు. ఎవరైనా సెల్ లైన్ (ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే ఒక రకం కణాలు) ఇస్తే అది నిజంగా ఆ సెల్ లైనేనా అని డి.ఎన్.ఎ. టెస్ట్ చేయించాకే వాడు. కణాల్లో చేరే మైకోప్లాస్మా అనే బాక్టీరియా కోసం నెలకోసారి టెస్ట్ పెట్టుకో. దానికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదని పరీక్షలో రాసే ఉంటావు. ల్యాబ్‌లోనూ అంతే, ప్లేటులో పెన్సిలిన్ ఉన్నా అది హాయిగా బతుకుతుంది. కణాలు పెరిగే ద్రవం (మీడియం) మబ్బుగా కూడా మారదు. నెలల తరబడి కణాల తీరు మార్చేస్తూ ఉంటుంది, నువ్వేమో అది నీ మందు ప్రభావం అనుకుంటావు.

మనకి అనుకూలంగా రాని ఫలితాన్ని ఎలా చూడాలో తలుచుకుంటే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారే గుర్తొస్తారు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో బోస్టన్ వచ్చిన మనిషి. హార్వర్డ్‌లో 1930లో పీహెచ్‌డీ తీసుకున్నారు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.ల మీద పని చేసింది ఆ ఏళ్లలోనే. మన ఊళ్లలో ఆయన గురించి చెప్పేటప్పుడు ఎన్ని మందులు కనిపెట్టారో లెక్కపెడతారు. నాకు ముఖ్యమనిపించేది వేరే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా వేగంగా ముదురుతున్నట్టు కనిపించింది. మరొకరైతే మందు పనిచేయలేదని రాసి వదిలేసేవాళ్లు. ఫార్బర్, సుబ్బారావు గారు ఆ చెడ్డ ఫలితాన్నే పట్టుకున్నారు. ఫోలిక్ యాసిడ్ మంట పెంచుతుంటే దాన్ని అడ్డుకునేది ఆర్పాలి కదా అని. లెడర్లే మందుల కంపెనీలో సుబ్బారావు గారి బృందం అలాంటి మందు, అమినోప్టెరిన్, తయారు చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన పేపర్లో 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. కొంతకాలమే. అయినా ల్యుకేమియా కీమోథెరపీ నడక అక్కడే మొదలైంది. సుబ్బారావు గారు ఆ ఏడాది ఆగస్టులోనే పోయారు.

ఏ ప్రశ్న ఎంచుకోవాలని అడిగావు. పేషెంట్ దగ్గర మొదలుపెట్టు, కానీ దాన్ని బాగా చిన్నది చెయ్. మనలాంటి వాళ్లు చేసే పొరపాటు పెద్ద ప్రశ్నని పెద్దదిగానే ల్యాబ్‌లోకి మోసుకెళ్లడం. బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఇద్దరూ డాక్టర్లే, పీహెచ్‌డీ కూడా లేదు. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండి, చిన్నతనంలోనే గుండెపోటు వచ్చే పిల్లల్ని చూశారు. "ఈ పిల్లలకి గుండెపోటు ఎందుకు?" అన్న ప్రశ్నతో ఏ ప్రయోగమూ చేయలేం. వాళ్లు చర్మం నుంచి తీసిన కణాలు ప్లేటులో పెంచి ఒక్కటే అడిగారు. బయట ఎల్.డి.ఎల్. (రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసేది) ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమ్ తగ్గుతుందా, తగ్గదా? మామూలు కణాల్లో తగ్గింది. ఈ పిల్లల కణాల్లో తగ్గలేదు. ఆ 1973 పేపర్ నుంచి ఎల్.డి.ఎల్. రిసెప్టర్‌కి (కణం మీద ఎల్.డి.ఎల్.ని పట్టుకునే ప్రోటీన్), అక్కడినుంచి 1985 నోబెల్‌కి వెళ్లారు. నీ ప్రశ్న కూడా "తగ్గుతుందా, తగ్గదా" అన్నంత చిన్నదయ్యేదాకా అరగదీయి.

రెండు ల్యాబ్‌ల మధ్య టాపిక్ చూసి ఎంచుకోకు, ల్యాబ్ నడిపే మనిషిని చూసి ఎంచుకో. టాపిక్ ఏడాదిలో ఎలాగూ మారుతుంది. ఆ ల్యాబ్ వదిలి వెళ్లిన వాళ్లకి ఫోన్ చెయ్. ఇప్పుడున్న వాళ్లు పూర్తిగా చెప్పలేరు. ప్రయోగం పాడైనప్పుడు ఆయన ఎలా మాట్లాడతారు, పేపర్ డ్రాఫ్ట్ ఎన్ని రోజులకి తిరిగి ఇస్తారు, స్టూడెంట్లు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇవి అడుగు. ఇంతకుముందు ఎం.డి.-పీహెచ్‌డీ స్టూడెంట్ ఉన్నారా అన్నది తప్పకుండా అడుగు. నువ్వు నాలుగేళ్లకి వార్డుకి తిరిగి వెళ్లాలని తెలియని బాస్ నిన్ను పోస్ట్‌డాక్‌లాగా (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లోనే పరిశోధన చేసేవాళ్లు) లెక్కేస్తారు. డబ్బు సంగతి అడగడానికి మొహమాటపడితే ఎన్.ఐ.హెచ్. గ్రాంట్ల వివరాలుండే రిపోర్టర్ వెబ్‌సైట్‌లో ఆయన పేరు కొట్టి చూడు. ఏ గ్రాంట్ ఎప్పుడు అయిపోతుందో ఎవరికైనా కనబడుతుంది. నీ రెండో ఏడాదిలో అయిపోయేదైతే నేరుగా అడిగెయ్. మంచి బాస్ ఆ ప్రశ్నకి నొచ్చుకోరు. ఎన్.ఐ.హెచ్. నీలాంటి స్టూడెంట్లకి ఇచ్చే ఎఫ్30 ఫెలోషిప్‌కి కూడా తొందరగానే రాయి. వచ్చినా రాకపోయినా, అది రాసేటప్పుడే నీ ప్రాజెక్టులో ఎక్కడ చిల్లులున్నాయో నీకు తెలుస్తుంది.

ప్రాజెక్టు రాసేటప్పుడు రెండో భాగం మొదటి భాగం గెలుపు మీద ఆధారపడకుండా చూసుకో. ఎలుకలు కావాలంటే చేరిన మొదటి వారంలోనే ఆర్డర్ పెట్టు. కడుపుతో ఉండేది మూడు వారాలు, పిల్లలు పెద్దవై మళ్లీ జత కట్టడానికి ఇంకో ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంటే ఒక తరానికి రెండున్నర నెలలు. నీకు కావలసిన జన్యువుల కలయిక మంచి క్రాస్‌లో కూడా నాలుగింట ఒక పిల్లకే రావచ్చు. రెండు తరాలు దాటితేగాని చేతికి రాదు. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకుంటే మూడో ఏడాదిలో టెన్షన్ ఉండదు.

ఇంకో కష్టం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నీతో చేరిన క్లాస్‌మేట్లు ఇంకో రెండేళ్లలో మ్యాచ్ అయిపోతారు, అంటే రెసిడెన్సీ సీటు తెచ్చుకుంటారు. వాళ్ల ఫోటోలు చూసిన రోజున నీ ప్లేటులో కణాలు చచ్చిపోయి ఉంటాయి. నువ్వు వార్డుకి వెళ్లేసరికి వాళ్లలో ఒకరు నీకు సీనియర్ రెసిడెంట్‌గా ఉండొచ్చు. ఊరెళ్తే "ఇంకా చదువేనా అమ్మాయ్?" అంటారు. నాకు అది చాలా బాధగా ఉండేది, నీకూ ఉంటుంది. ఆ రోజుల్లో ఒంటరిగా బెంచ్ దగ్గర కూర్చోకు. నీ ప్రోగ్రామ్‌లోనే నీకంటే రెండేళ్లు ముందున్న వాళ్లని పట్టుకుని భోజనానికి వెళ్లు. నెల రోజులకి పైగా పొద్దున్నే లేవబుద్ధి కాకపోతే అది బద్ధకం అనుకోకు, డాక్టరుకి చూపించుకో. పేషెంట్‌కి ఏం చెబుతావో అదే నీకూ చెప్పుకో.

ఇప్పుడు మీ అమ్మ బెంగ. మర్చిపోతావు, నిజమే. నేనూ మర్చిపోయాను. గుండె చప్పుడులో మర్మర్ (అదనపు శబ్దం) వినడం, మందుల డోసులు, ముందు అవే పోతాయి. వారానికో, రెండు వారాలకో ఒక పూట క్లినిక్‌కి వెళ్లే ఏర్పాటు చాలా ప్రోగ్రామ్‌లలో ఉంటుంది. ప్రయోగం ఉందని ఆ పూట మానకు. ఒకసారి మానితే అలవాటైపోతుంది. ఆ పూట చదువు కోసం మాత్రమే కాదు, నీ ప్రశ్న ఎవరి కోసమో మర్చిపోకుండా ఉండటానికి కూడా. తిరిగి వెళ్లే ముందు రెండు నెలలు సాయంత్రాలు పక్కన పెట్టుకుని మళ్లీ చదువు. మూడు, నాలుగు వారాల్లో చెవి, చెయ్యి అన్నీ తిరిగొస్తాయి.

వెళ్లేముందు పేపర్ పంపేసి, థీసిస్ డిఫెన్స్ పూర్తి చేసుకుని వెళ్లు. రివ్యూయర్లు అడిగే ప్రయోగాలు ఎవరు చేస్తారో ల్యాబ్‌లో ముందే మాట్లాడుకో. సర్జరీ రొటేషన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, రాత్రి ల్యాబ్‌కి వెళ్లి బ్లాట్లు చేసిన వాళ్లని నేను చూశాను. రెండూ సరిగ్గా సాగలేదు.

రెండు ల్యాబ్‌లలో ఎవరికి ఫోన్ చేశావో, ఏం చెప్పారో రాసి పంపు. ఆగస్టు చివర్లో మీ ఊరు వస్తాను. మొదటి నెల నోట్‌బుక్ తీసి ఉంచు, ఇద్దరం కూర్చుని పేజీ పేజీ చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ