జర్మనీలో ఆవకాయ అమ్మేటప్పుడు సీసా మీద 'గుంటూరు' అని వేసుకోవచ్చా?

ఇంట్లో పెట్టిన ఆవకాయను సీసాల్లో అమ్ముదామనుకుంటున్నారు. 'గుంటూరు ఆవకాయ' అని పేరు వేస్తే ఊరి పేరు వాడినందుకు జరిమానా పడుతుందని ఎవరో మిమ్మల్ని భయపెట్టారు. ఇదే కదా మీ ప్రశ్న. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఒక చిన్న ఊళ్లో నాలుగేళ్లుగా శనివారం సంతలో పచ్చళ్లు, పొడులు అమ్ముతున్నాను. ఊరి పేరు వల్ల నాకు ఏ ఇబ్బందీ రాలేదు. నేను దొరికిపోయింది ఇంగువ దగ్గర. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

మొదటి వేసవిలోనే తనిఖీకి ఒకావిడ వచ్చారు. మాగాయ సీసా తిప్పి చూసి, పదార్థాల జాబితాలో ఇంగువ అన్న మాట మీద వేలు పెట్టి, ఇందులో ఏముంటుందని అడిగారు. ఇంగువలో ఇంగువ కాక ఇంకేముంటుంది అనుకున్నాను. ఇంటికి వచ్చి డబ్బా మీద చదివితే గోధుమపిండి! మన దుకాణాల్లో దొరికే ఇంగువలో చాలా రకాలకు ఏదో ఒక పిండి కలుస్తుంది, అది తరచుగా గోధుమపిండే. చిటికెడే కదా అంటే కుదరదు. కొన్ని మిశ్రమ పదార్థాలు మొత్తంలో రెండు శాతం లోపే ఉంటే వాటిలోని విడి దినుసులు రాయనక్కర్లేదన్న మినహాయింపు ఉంది కానీ, అది అలర్జీ కలిగించే వాటికి వర్తించదు. ముప్పై సీసాలు పక్కన పెట్టి, ఆ రాత్రే కొత్త చీటీలు అంటించాను.

దీనంతటికీ మూలం 2011 నాటి 1169 నంబరు ఈయూ (ఐరోపా సమాఖ్య) నియమం. 2014 డిసెంబరు 13 నుంచి అమల్లో ఉంది. అలర్జీ కలిగించే పదార్థాలు 14 అని అందులో జాబితా ఇచ్చారు. వాటిని పదార్థాల వరుసలో మిగతా మాటల మధ్య ప్రత్యేకంగా కనబడేలా, సాధారణంగా లావు అక్షరాల్లో, అచ్చు వేయాలి. ఆ జాబితా చూస్తే మన వంటింటి మీదే గురిపెట్టారా అనిపిస్తుంది. ఆవాలు అందులో ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. పప్పునూనె ఎందుకులే అని వేరుశనగ నూనెకు మారదామంటే వేరుశనగ కూడా ఉంది! ఆవపిండి లేని ఆవకాయ ఎలాగూ ఉండదు కాబట్టి ఆవాలకు 'జెంఫ్' అన్న జర్మన్ మాట లావుగా వేసుకోవడమే దారి. చీటీ ఇంగ్లీషులో మాత్రమే ఉంటే ఇక్కడ ఒప్పుకోరు, జర్మన్‌లో ఉండాలి. అక్షరాల సైజుకూ లెక్క ఉంది: చిన్న ఎక్స్ అక్షరం ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు. సీసా మరీ చిన్నదైతే 0.9 చాలు. పోషక విలువల పట్టిక విషయంలో మాత్రం ఊరట ఉంది. తయారుచేసినవారే కొద్ది మొత్తంలో నేరుగా అమ్ముకుంటే అది అక్కర్లేదు.

ఇక పేరు సంగతి. మిమ్మల్ని భయపెట్టినవారు బహుశా ఫెటా, పార్మెసాన్ అనే చీజ్‌ల పేర్ల మీద జరిగిన గొడవలు విని ఉంటారు. అవి ఈయూ దగ్గర నమోదైన పేర్లు. ఫెటా నిజానికి ఊరి పేరే కాదు, ముక్క అని అర్థం. అయినా 1996లో గ్రీసుకు దక్కింది, 1999లో ఈయూ కోర్టు కొట్టేసింది, 2002లో మళ్లీ నమోదైంది, 2005లో ఖాయమైంది. గొర్రె పాలతో, కలిపితే 30 శాతం దాకా మేక పాలతో చేసినదే ఫెటా. ఆవు పాలతో చేసి ఆ పేరుతో ఈయూ బయటకు పంపుతున్న తమ కంపెనీలను ఆపనందుకు 2022లో డెన్మార్క్‌ను కోర్టు తప్పుపట్టింది. పార్మెసాన్ మీద 2008లో జర్మనీ కేసు నెగ్గింది కానీ వాదన ఓడిపోయింది. ఆ మాట వింటే నమోదైన ఇటలీ చీజ్ పార్మిజానో రెజ్జానోయే గుర్తుకొస్తుందని కోర్టు తేల్చింది. అయితే ఆ పేరు వాడేవాళ్లను జర్మనీ తనంతట తాను వెంటపడి పట్టుకోవాల్సిన పని లేదంది. నమోదైన పేరు పక్కన 'తరహా', 'రకం' అని చేర్చినా తప్పు తప్పే.

గుంటూరు సన్నం మిరపకు మన దేశంలో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అన్న గుర్తింపు, ఉంది. అది మిరపకాయకు, ఆవకాయకు కాదు. పైగా మన జీఐ ఇక్కడ దానంతట అదే చెల్లదు, ఈయూలో విడిగా నమోదు కావాలి. డార్జిలింగ్ టీ 2011లో అలాగే నమోదైంది. కాబట్టి మీ విషయంలో అసలు చూడాల్సింది వేరే నియమం: కొనేవాళ్లను ఎక్కడ తయారైందన్న దానిపై తప్పుదోవ పట్టించకూడదు. ఇక్కడ మా హెస్సెన్ రాష్ట్రంలోని వంటింట్లో పెట్టి పెద్ద అక్షరాలతో గుంటూరు అంటే అభ్యంతరం రావచ్చు. నేను పెద్దగా 'ఆవకాయ' అని వేసి, కింద 'గుంటూరు మిరపకారంతో' అని రాస్తాను, అదీ కారం కొన్న రసీదు చేతిలో ఉన్నప్పుడే. 2020 ఏప్రిల్ నుంచి ఇంకో చిక్కు కూడా ఉంది. జర్మనీలో తయారైందని ఘనంగా చెప్పుకుంటే, ప్రధాన పదార్థం అక్కడిది కాదని కూడా రాయాలి. జర్మనీలో మామిడి తోటలున్నాయని ఎవరనుకుంటారో నాకైతే తెలియదు. ఉత్త చిరునామా మాత్రం వేస్తే ఆ బాధ లేదు.

అమ్మ పంపిన కారం సూట్‌కేసులో వచ్చిందా? ఇంట్లో తినండి. అమ్మే సీసాలో వేయకండి. ఏ సరుకు ఎవరి దగ్గర కొన్నారో చూపించమని అడిగితే చూపించాలి, అమ్మ దగ్గర రసీదు ఉండదు కదా.

వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే ఆలోచన ఉంటే, గడువు తేదీ తప్ప చీటీ మీద తప్పనిసరిగా ఉండాల్సినవన్నీ కొనకముందే వాళ్లకు కనబడాలి. నేను సీసా వెనకవైపు ఫొటో తీసి పెడుతున్నాను.