అప్పలూసా చుక్కలు చూసి మోజుపడేవాళ్లకి, ఒక సాయంత్రం కథ

"అప్పలూసా గుర్రాలంటే అమెరికాలో అంత మోజెందుకు? ఒంటి మీద చుక్కలు తప్ప ఇంకేమైనా ప్రత్యేకత ఉందా?" అని అడిగారు. ఉంది. కానీ నన్నడిగితే దానికి పట్టిన శని ఆ చుక్కలే.

మా ఆయన పోస్ట్‌డాక్ చేసేటప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలోని పుల్‌మన్‌లో మూడేళ్లున్నాం. ఎటు చూసినా అలల్లాంటి గోధుమ గుట్టలు. ఆ ప్రాంతాన్ని పలూస్ అంటారు, అక్కడ పారే నదీ పలూసే. "ఎ పలూస్ హార్స్" అని తెల్లవాళ్లు అనగా అనగా అప్పలూసా అయింది. మాది విజయనగరం, ఇంట్లోనే ఇద్దరు అప్పలరాజులు, ఒక అప్పలనరసమ్మ. పేరు విన్నరోజే ఇదెవరో మనవాళ్లే అనుకున్నాను.

అక్టోబరు చివర్లో మా అత్తగారు వస్తే, చూపిద్దామని గుర్రపు స్వారీకి తీసుకెళ్లాం. నాకిచ్చిన ఆడ గుర్రం దాదాపు తెల్లది, మెడ దగ్గరా తుంటి మీదా కలిపి ఐదారు నల్ల చుక్కలు. గిట్టల మీద నిలువు చారలు, మూతి మీద పొడలు. అత్తగారు కంచె ఇవతల నిలబడి "ఇన్ని దిష్టిచుక్కలు ఎవరు పెట్టారమ్మా దీనికి?" అన్నారు. నాలుగింటికని చెప్పి ఐదింటికి ఎక్కించారు. అమెరికాలో అన్నీ టైముకి జరుగుతాయనేవాళ్లని తెచ్చి ఆ కంచె దగ్గర కూర్చోబెట్టాలి.

వెళ్లేటప్పుడు హాయిగా నడిచింది. తిరిగొస్తుంటే గుట్ట వెనక్కి పొద్దు వాలింది. గుర్రం నడక మారిపోయింది. అడుగు తీసి ఆగుతుంది, చెవులు అటూ ఇటూ తిప్పుతుంది. చిన్న తూము దగ్గర కొయ్యబారిపోయింది. వెనక నుంచి మా ఆయన "మడమతో గట్టిగా పొడువు" అని సలహా, ఆయన ఎక్కింది అదే మొదటిసారైనా. పొడిచాను. అది తల విసిరి పక్కకి జరిగింది, నా మోకాలు కంచె గుంజకి రాసుకుని తోలు లేచిపోయింది.

మాతో వచ్చిన ముసలాయన దిగి, దాని మెడ నిమిరి, కళ్లెం పట్టుకుని ముందు నడిచాడు. "చీకటిపడితే దీనికి కనపడదు, పుట్టుకతోనే అంతే" అన్నాడు, రేపు ఆదివారం అన్నంత మామూలుగా. నాకు ఒళ్లు మండింది. ఆ సంగతి తెలిసీ పొద్దుగూకే వేళ దాన్నెలా ఇచ్చారని వాళ్ల ఆఫీసులో అడిగితే, నేను సంతకం పెట్టిన కాగితం తీసి చూపించారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, ఇక్కడ అద్దె కూడా తప్పలేదు.

తర్వాత చదివితే తెలిసింది. చుక్కలకి కారణమైన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే, ఒళ్లు తెల్లబడి చుక్కలు తగ్గిపోతాయి, దాంతోపాటే రేచీకటి. చుక్కలకీ రేచీకటికీ మూలం టీఆర్‌పీఎం1 అనే ఒకే జన్యువులో ఉందని 2013లో తేల్చారు. పగలు చూపు బాగానే ఉంటుంది. ఇది కాక, కళ్లు మాటిమాటికీ వాచి చివరికి చూపు పోయే జబ్బు కూడా మిగతా జాతులకంటే అప్పలూసాలకి చాలా ఎక్కువ.

మరి ప్రత్యేకత ఏమిటంటారా? దాన్ని పెంచిన మనుషులు. ఆ ప్రాంతపు ఆదివాసులు నెజ్ పెర్స్ తెగ, వాళ్ల మాటలో నిమీపూ. 1730 ప్రాంతంలో వాళ్లకి గుర్రాలు దొరికాయి. నాసిరకం మగవాటికి విత్తులు తీయించి, మంచివాటితోనే జత కట్టించారు. 1806లో మెరివెదర్ లూయిస్ అనే అన్వేషకుడు అటు వెళ్లి, ఇవి మేలుజాతివని తన డైరీలో మెచ్చుకున్నాడు. గమనించండి, 'కొన్నిటికి' మచ్చలున్నాయని రాశాడు, అన్నిటికీ అనలేదు. అంటే నిమీపూ వాళ్లు చూసింది కాళ్లూ దమ్మూ అని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే.

ఆ దమ్ము 1877లో తెలిసింది. సొంత నేల వదిలి రిజర్వేషన్‌కి, అంటే తెగల కోసం హద్దులు గీసిన భూమికి, పొమ్మని ప్రభుత్వం మెడమీద కూర్చుంటే, సుమారు 800 మంది, ముసలీ ముతకా పిల్లాజెల్లాతో, రెండు వేలకు పైగా గుర్రాలతో కెనడా వైపు కదిలారు. సైన్యం తరుముతుండగా దాదాపు 1,900 కిలోమీటర్లు. సరిహద్దు ఇంకో 65 కిలోమీటర్లుందనగా, మోంటానాలోని బేర్ పా కొండల దగ్గర అక్టోబరు 5న వాళ్ల నాయకుడు చీఫ్ జోసెఫ్ లొంగిపోయాడు. వెంట మిగిలిన గుర్రాల్లో చాలావరకు సైన్యం పాలయ్యాయి, మంద చెల్లాచెదురైంది.

1938లో ఆరెగాన్‌లో అప్పలూసా హార్స్ క్లబ్ పెట్టి మిగిలినవాటిని కూడగట్టారు. మంచిపనే. ఇప్పుడా క్లబ్బు ఐడహోలోని మాస్కోలో, మా ఇంటికి పదమూడు కిలోమీటర్లే, పక్కనే మ్యూజియం. 1975లో ఐడహో దీన్ని రాష్ట్ర గుర్రంగా కూడా ప్రకటించింది. కానీ అమ్మానాన్నలిద్దరూ అప్పలూసాలైనా, పిల్లకి ఆ పొడలు రాకపోతే దాన్ని వేరే వర్గం కింద రాస్తారు! మన పెళ్లిచూపుల్లో "అమ్మాయి రంగెలా ఉంటుందండీ" అనే ఫోను గుర్తొచ్చింది నాకు. నిమీపూ వాళ్లు మాత్రం 1990లలో ఐడహోలోని తమ ఊరు లాప్వాయ్‌లో అప్పలూసాలకి మధ్య ఆసియా అఖల్ టెకె గుర్రాలతో సంకరం చేసి, మళ్లీ పరుగు మీద దృష్టి పెట్టారు.

మా ఆయన వద్దన్నా, తర్వాతి శనివారం పొద్దున పదింటికి వెళ్లి అదే గుర్రాన్ని అడిగాను. ఆ తూము దగ్గర కనీసం చెవులైనా కదపలేదు.