టెస్ట్ కిట్‌లో గీత కనబడింది సరే, మందు ఎప్పుడిస్తారు?

సెక్స్ వర్క్‌లో ఉన్న ఆడవాళ్ల క్లినిక్‌లో కొత్తగా చేరానని, సుఖవ్యాధులకు అప్పటికప్పుడే ఫలితం చెప్పే కిట్లను నమ్మాలా, శాంపిల్ ల్యాబ్‌కే పంపాలా అని అడిగారు. అలాంటి చోట కొన్నేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. నమ్మొచ్చు, కానీ అన్నిటినీ ఒకేలా కాదు.

సిఫిలిస్, హెచ్‌ఐవీలకు వేలి నుంచి ఒక రక్తపు చుక్క చాలు. రెండింటినీ కలిపి చూసే కిట్లూ ఉన్నాయి. పాజిటివ్ అయితే పావుగంట, ఇరవై నిమిషాల్లో కిట్ మీద గీత కనబడుతుంది. ల్యాబ్‌కి పంపిన రోజుల్లో మా దగ్గర ఎవరూ అడగని రిపోర్టులు డ్రాయర్ నిండా ఉండేవి. రాత్రంతా పని చేసి, పొద్దున పిల్లల్ని చూసుకునే మనిషిని 'వారం తర్వాత రండి' అంటే ఎలా వస్తుంది?

అయితే సిఫిలిస్ కిట్‌తో నేనొక పెద్ద తప్పు చేశాను. ఒకామెకి గీత రాగానే 'మీకు సిఫిలిస్ ఉందమ్మా' అనేశాను. ఇంట్లో పెద్ద గొడవైంది. తీరా చూస్తే ఆమె రెండేళ్ల క్రితమే పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకుంది. జబ్బు నయమైనా ఆ యాంటీబాడీలు ఒంట్లో చాలామందికి జీవితాంతం ఉంటాయి, కిట్ వాటినే పట్టుకుంటుంది. ఇప్పుడు జబ్బు ఉందో లేదో తేలాలంటే ఆర్‌పీఆర్ అనే ఇంకో రక్తపరీక్ష కావాలి. అప్పట్నుంచి సూది గుచ్చకముందే అడిగేదాన్ని: 'ఇంతకుముందు దీనికి ఇంజెక్షన్ తీసుకున్నారా?' తీసుకోలేదంటే ఆర్‌పీఆర్ కోసం ఆగకుండా, పెన్సిలిన్ పడుతుందో లేదో కనుక్కుని, మా డాక్టర్ ఆ రోజే ఇంజెక్షన్ చేసేవారు. హెచ్‌ఐవీకి మాత్రం ఒక్క గీతతో ఏమీ తేల్చకండి, వేరే కిట్లతో నిర్ధారించాలి. ఈమధ్యే ప్రమాదం జరిగి ఉంటే మూడు నెలలకి మళ్లీ చూడాలి.

అసలు చిక్కు క్లమీడియా, గనేరియాలతో. ఎక్కువమంది ఆడవాళ్లలో ఇవి చప్పుడు చేయవు. తెల్లబట్ట అవుతోందంటే మందులిచ్చే పాత పద్ధతిలో అవసరం లేనివాళ్లు మింగేవారు, ఉన్నవాళ్లు మిగిలిపోయేవారు. మిగిలిపోతే గర్భసంచి గొట్టాల దాకా పాకి, పిల్లలు పుట్టకపోవడం దాకా వెళ్తుంది. క్లమీడియాకి గీతల కిట్లు చాలావరకు దండగ, చాలా కేసుల్ని వదిలేస్తాయి. క్రిముల జన్యుపదార్థాన్ని పట్టుకునే జీన్‌ఎక్స్‌పర్ట్ లాంటి మెషిన్ నయం. దీనికి కావాల్సిన స్వాబ్, అంటే దూదిపుల్లతో యోనిలోంచి తీసే శాంపిల్, ఆమే గదిలోకెళ్లి తీసుకోవచ్చు. డాక్టర్ తీసినదానికి ఏమీ తీసిపోదు, సిగ్గు సమస్యా ఉండదు.

కాకపోతే దానికి గంటన్నర పడుతుంది. మాకది చాలా వేగం అనిపించింది, వాళ్లకి కాదు. సగంలో లేచి వెళ్లిపోయేవారు. దాంతో వరస మార్చాం: రాగానే స్వాబ్, ఆ తర్వాతే పేరు రాయడం, కౌన్సెలింగ్, బీపీ, డాక్టర్. అంతా అయ్యేసరికి రిజల్ట్ సిద్ధం. ఇప్పుడు అరగంటలో చెప్పే మెషిన్లూ వచ్చాయి, దొరికితే మంచిదే.

ఇంకోటి, మందు వాడిన నాలుగు వారాల్లోపు ఈ మెషిన్ టెస్ట్ మళ్లీ చేయొద్దు. చచ్చిన క్రిముల్ని కూడా పాజిటివ్‌గా చూపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. మూడు నెలలకి చేయండి, చాలామందికి మళ్లీ అంటుకునేది అప్పటిలోపే. భర్తకో, రోజూ కలిసే మనిషికో మందు అందకపోతే మరీనూ.

కిట్ల సంగతి సరే, మీ దగ్గర పెన్సిలిన్ స్టాక్ ఎంతుంది? ముందు అది చూసుకోండి. గీత చూపించి 'మందు లేదు, రేపు రండి' అన్న రోజులు మాకూ ఉన్నాయి.