గ్రహణం మొర్రి ఆపరేషన్: ఉచితంగా చేయిస్తే, దాచిన డబ్బు దేనికి?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. గోడౌన్‌లో సూపర్‌వైజర్‌ని, జీతం 32 వేలు. మా రెండు నెలల పాపకు పుట్టుకతోనే పెదవి, అంగిలి చీలి ఉన్నాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్లకు రెండు లక్షల పైనే అవుతుందన్నారు. ట్రస్టు ద్వారా ఉచితంగా చేస్తారట గానీ, ఉచితం అంటే ఎలా చేస్తారోనని టెన్షన్. మా ఆవిడ నగలు 60 గ్రాములున్నాయి. గోల్డ్ లోన్ తీసుకోవాలా, పర్సనల్ లోనా? గ్రహణం పూట కోడలు బయటికి వెళ్ళడం వల్లే ఇలా అయిందని మా అమ్మ అంటోంది.

జవాబు: రెండు లోన్లూ వద్దు. ఉచితంగా చేసేచోటే చేయించండి.

ముందు మీ అమ్మగారి మాట. గర్భం మొదటి రెండు మూడు నెలల్లోనే, బిడ్డ ముఖం తయారయ్యేటప్పుడు ఆ భాగాలు సరిగా కలవకపోతే ఇలా అవుతుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఈ మాట మీ ఆవిడ ఎదుట, మీ నోటితోనే అమ్మగారికి చెప్పండి.

ఇక ఉచితం సంగతి. స్మైల్ ట్రైన్ అనే సంస్థ 1999లో మొదలైంది. విదేశాల నుంచి డాక్టర్లను తెచ్చి, క్యాంపు పెట్టి వెళ్ళిపోయే పద్ధతి కాదు వాళ్ళది. ఇక్కడి ఆసుపత్రులకే ఆపరేషన్ ఖర్చు ఇస్తారు, ఇక్కడి డాక్టర్లకే శిక్షణ ఇస్తారు. అందుకే రేపు కుట్ల దగ్గర ఇబ్బంది వచ్చినా, ఐదేళ్ళ తర్వాత పళ్ళ సమస్య వచ్చినా అదే ఆసుపత్రికి వెళ్ళొచ్చు. మీరుండే బెంగళూరులోనే వసంతనగర్‌లోని భగవాన్ మహావీర్ జైన్ ఆసుపత్రిలో వీళ్ళ సాయంతో ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. ముందు ఫోన్ చేసి వెళ్ళండి. మధ్యవర్తులెవరైనా డబ్బడిగితే రూపాయి కూడా ఇవ్వకండి. పుట్టుకతో వచ్చే ఇలాంటి లోపాలకు 2013 నుంచి నడుస్తున్న ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కూడా ఉంది. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

పెదవి ఆపరేషన్ మామూలుగా మూడు నుంచి ఆరు నెలల వయసులో చేస్తారు. పాప బరువు, రక్తం సరిపడా ఉంటేనే. అంగిలి చీలిన బిడ్డ తల్లిపాలు సరిగా చప్పరించలేదు, బరువు పెరగకపోతే ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఇప్పుడు మీరు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే: అలాంటి పిల్లల కోసం చేసిన పాలసీసా, నెలనెలా బరువు చూపించుకోవడం, ఆసుపత్రికి ఆటో చార్జీలు.

అంగిలి ఆపరేషన్ 9 నుంచి 18 నెలల మధ్య. తర్వాత మాట స్పష్టంగా రావడానికి స్పీచ్ థెరపీ, మధ్యమధ్య చెవి పరీక్షలు, ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య పంటి చిగుళ్ళ దగ్గర ఎముక అతికించడం, పళ్ళకు క్లిప్పులు. కొందరికి ఎదుగుదల పూర్తయ్యాక ముక్కు కూడా సరిచేస్తారు. వీటిలో ఏవేవి ఉచితమో మొదటి రోజే అడిగి రాసుకోండి. ఆపరేషన్ ఉచితమైనా, థెరపీకి వారం వారం తిరిగే రోజుల్లో పోయే జీతం ఎవరూ ఇవ్వరు. చాలా కుటుంబాలు మొదటి ఆపరేషన్‌కే ఉన్నదంతా ఊడ్చేసి, థెరపీ దగ్గర ఆగిపోతాయి. పిల్ల మాట అక్కడే దెబ్బతింటుంది. నాకు మీ విషయంలో భయమంతా దీని గురించే.

కాబట్టి నగలు కదపకండి, గట్టి అవసరానికి ఉండనివ్వండి. మూడు నెలల ఇంటి ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. పోస్టాఫీసులో నెలకు 2,000తో ఐదేళ్ళ ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి. అసలే 1,20,000 అవుతుంది, వడ్డీ పైన. ఆడపిల్ల కదా అని చాలామంది సుకన్య సమృద్ధి కట్టమంటారు. మంచి పథకమే, కానీ మామూలుగా పాపకు 18 ఏళ్ళు నిండేదాకా లేదా పదో తరగతి పాసయ్యేదాకా డబ్బు తీయలేరు, అదీ ముఖ్యంగా చదువుకే. చికిత్స డబ్బు అందులో వేయకండి.

కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటే హెచ్‌ఆర్‌ని రెండు ప్రశ్నలడగండి: పాప పేరు చేర్చడానికి గడువెంత, పుట్టుకతో బయటికి కనిపించే లోపాలకు కవరేజీ ఉందా? సొంతంగా కొనే పాలసీలు చాలావరకు వీటిని మినహాయిస్తాయి, గ్రూప్ పాలసీలు కొన్ని ఇస్తాయి. చేర్చే గడువు చాలాచోట్ల నెల రోజులే. ఇప్పటికే దాటి ఉంటే, రెన్యువల్ సమయంలో చేరుస్తారేమో ఈ వారమే కనుక్కోండి.

ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయితే మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి, నామినీగా మీ ఆవిడ పేరు రాయండి.