రాయప్ప, చిన్నప్ప

సందేహం: జూన్ 29న జరిగే పండుగకు మా విచారణలో (మా చర్చి పరిధిలో) పంచిన ఆహ్వానపత్రం మీద ‘పునీత పేతురు, పౌలు గార్ల పండుగలు’ అని వేశారు. మా నాయనమ్మ చివరిదాకా ‘రాయప్ప, చిన్నప్పల పండగ’ అనేది. అవి నోరు తిరగక పుట్టిన పేర్లని మా అబ్బాయి వాదన. ఏది ఒప్పు?
— ఒక పాఠకురాలు, జ్ఞానాపురం, విశాఖపట్నం

సమాధానం: ముందు మీ అబ్బాయి సంగతి చూద్దాం. నోరు తిరగకపోతే శబ్దం అరుగుతుంది. జేవియర్ చౌరప్ప అయినది అలాగే. పౌలు అనే మాటను ఎంత అరగదీసినా చిన్నప్ప రాదు. లాటిన్‌లో ‘పౌలుస్’ అంటే చిన్నవాడు. అంటే ఇది అనువాదం, అదీ అర్థమెరిగిన వాళ్లు చేసినది. తమిళ క్రైస్తవులకూ ఆయన చిన్నప్పరే. ఇప్పటివాళ్లు పాల్ అని పెట్టుకుంటున్నారు, పెట్టుకోనివ్వండి. చిన్నపరెడ్డి అనే పెద్దమనిషి కనబడితే మాత్రం ‘ఇంట్లో రెండోవారా?’ అని అడగకుండా ఉంటే చాలు.

ఇక అప్ప. ఉత్తరాంధ్ర ఇళ్లలో అప్ప అంటే అక్క, నిజమే. కానీ సింహాచలం కొండ మీది అప్పన్నను రోజూ తలుచుకునే ఊరివారికి అప్ప అంటే తండ్రి అని నేను వేరే చెప్పాలా?

చిక్కంతా రాయప్పతోనే. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో యేసు సీమోనుకు కేఫా అని పేరు పెడతాడు. ‘కేఫా అను మాటకు రాయి అని అర్థము’ అని తెలుగు బైబిలు అక్కడే విప్పి చెబుతుంది. కేఫా అరమాయిక్ మాట, దానికి గ్రీకు రూపమే పేతురు. కాబట్టి రాయి, అప్ప కలిసి రాయప్ప. జతగాడి పేరు అనువాదమైనప్పుడు ఈయనదీ అనువాదమే కావడం సబబు. అయితే రాజ శబ్దం నుంచి వచ్చిన ‘రాయ’ ఒకటి ఉంది, కృష్ణదేవరాయలలో ఉన్నదే. దానికి అప్ప చేర్చినా రాయప్పే. అపొస్తలులలో ప్రథముడికి రాచరికం అంటగడితే తప్పేమీ లేదు. పైగా తమిళంలో రాతిని ‘కల్’ అంటారు, అక్కడా ఈయన ఇరాయప్పరే! మన రాయి దక్షిణానికి దొర్లిందా, లేక అసలు అది రాయే కాదా? నా మొగ్గు రాయి వైపు. పట్టు మాత్రం పట్టను.

పండుగకు బహువచనం అక్కరలేదు. క్రీ.శ. 354 నాటి రోమా వేదసాక్షుల పట్టికలోనే ఇద్దరి పేర్లూ ఈ ఒక్క తేదీకి చేరి ఉన్నాయి. ఇద్దరిదీ ఒకటే పండుగ.

‘పునీత’ మీద సంస్కృత పండితులకు పాత కోపం ఉంది. శుద్ధి చేయడం అనే అర్థమున్న ‘పూ’ ధాతువుకు, ‘చేయబడిన’ అనే అర్థమిచ్చే క్త ప్రత్యయం చేరిస్తే ‘పూత’ కావాలి, మంత్రపూతంలో లాగా. కానీ గుడిలోనూ బడిలోనూ పాతుకుపోయిన మాటను ఇప్పుడు పీకడం నావల్ల కాదు.

‘గారు’ అన్నదే గౌరవ బహువచనం, దాని మీద మళ్లీ ‘లు’ ఎందుకు? పేతురు, పౌలుల పండుగ అంటే సరిపోయేది. పెళ్లి శుభలేఖల నుంచి అంటుకున్న జబ్బు ఇది. వాడుక బలం దానికీ ఉంది గనుక తప్పు అని కొట్టివేయను. మీ నాయనమ్మ మాటలో ఆ ‘గారు’ లేనే లేదు, గమనించారా? అప్పలోనే ఉంది.